గుంజల నడుమ కుర్చీ

గంట మోగుతూనే ఉంది. నేను కూర్చున్నంతసేపూ మోగుతుంది, లేస్తే ఆగుతుంది, ఆ సంగతి నాకూ తెలుసు ఊరి ముందరి జవాన్ల క్యాంపు వాళ్లకూ తెలుసు, అయినా లేవను. దుకాణం నుంచి తెచ్చుకున్న మడత కుర్చీ కాళ్లు ఇసుకలో ఒక పక్కకే దిగాయి, కొంచెం ఒరిగి కూర్చున్నాను, ఫర్వాలేదు, నా బరువుకు రెండో పక్క కూడా దిగి అదే సమమవుతుంది. ఎడమ పక్క ఒక ఇనుప గుంజ, కుడి పక్క ఒక ఇనుప గుంజ, రెండూ లక్సెట్టిపేటలోని మా ఇనుప సామాన్ల దుకాణం నుంచి వచ్చినవే, నేనే దగ్గర నిలబడి బండికెత్తించాను, ఇప్పట్లో తుప్పు పట్టవు, ఆ పూచీ నాదే. ఆ గుంజల నడుమ కంటికి కనబడని వెలుగొకటి పోతుంటుంది. ఏదైనా దానికి అడ్డం వస్తే క్యాంపులో గంట మోగుతుంది, మంచె మీది తుపాకి తనంతట తానే ఇటు తిరుగుతుంది. నిన్నటిదాకా అది తిరిగి ఆగేది. పక్కన ఒక జవాను కూర్చుని, వచ్చింది ఎవరో చూసి, చేతిలోని తాళంచెవి తిప్పితేనే పేలేది. ఇవాళ ఆ జవానును దించేశారు. తాళంచెవి తీసేసి గంట తీగను నేరుగా తుపాకికి కలుపుతారు. ఇక వెలుగు తెగితే చాలు, చూడటానికి మనిషి అక్కర్లేదు. క్యాంపువాళ్ల పై అధికారి, పెద్దసాబు, జీపులో వచ్చి ఒక గడ్డిబొమ్మ మీద ఈ పనితనం చూసి తల ఊపితే రేపటి నుంచి ఇంతే. గడ్డిబొమ్మ అదిగో, కంచె పక్కన వెల్లకిలా పడుకుని ఉంది, ఎవరిదో చిరిగిన ఖాకీ చొక్కా తొడిగారు. అది నిలబడాల్సిన చోట నేను కూర్చున్నాను.

“అక్కా, లే. నీకు దండం పెడ్త,” అంటున్నాడు మునీర్. ఊళ్లో వెల్డింగు పని చేస్తాడు, ఈ గుంజలు పాతింది అతనే, క్యాంపువాళ్లకు మా మాట, మాకు వాళ్ల మాట చెప్పేదీ అతనే. “కెప్టెన్ సాబు నన్ను తింటుండు.”

“తిననీ. నీ ఒంటి మీద ఏమున్నదిరా తినెతందుకు, ఎముకలు గొంతుల గుచ్చుకుంటయ్ గని.”

“మజాక్ గాదక్కా. జర సేపైతే పెద్దసాబు వస్తడు.”

“ఆయన కోసమే గదా కూసున్న. నువ్వు నీడకు పో, ఎండ తగుల్తది.”

పోలేదు. పోడు. భయమైనా మనిషి మంచివాడు. గొడుగు తెచ్చుకుని మంచిపని చేశాను. పొద్దున నీళ్లు కూడా తక్కువే తాగాను, మధ్యలో లేవాల్సి రాకుండా. బేరానికి పోయేముందు మా బాపు ఇంతే చేసేవాడు, సంతలో ఎద్దు దగ్గర కూర్చున్నవాడు లేచిన క్షణాన ధర పడిపోతుంది బిడ్డా అనేవాడు. ఆయన కూర్చుంటే గోడ కూర్చున్నట్టు ఉండేది. నాకు ఆ కూర్చోవడం వచ్చింది, ఆయన ఓపిక మాత్రం రాలేదు. ఎండ నెత్తి మీదికి ఎక్కుతోంది. గోదారి వైపు చూడొద్దనుకుంటూనే చూస్తున్నాను. శంకరవ్వ ఇంకా రాలేదు. తెల్లారకముందే ఇసుక తోటకు పోయింది, కర్బూజలు కోసుకుని, నెత్తిన గంపతో, ఎండ ముదిరేలోపు ఈ బాటనే ఊళ్లోకి వస్తుంది. రావొద్దని నిన్న ఇంటికి పోయి మరీ చెప్పాను. “కాయ ఆగుతదా దొరసాని, ఒక్కనాడు కోయకుంటే పగిలి నక్కల పాలైతది,” అంది. మంచె మీద మనిషి ఉండడు శంకరవ్వా, తుపాకి ఒక్కటే ఉంటది అన్నాను. నోట్లో పళ్లు లేవు, ఉన్న చిగుళ్లన్నీ కనబడేట్టు నవ్వింది. “మనిషి లేకుంట మంచె ఉంటదా? నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవ్.”

ఆ నవ్వుకే నేను రాత్రంతా నిద్రపోలేదు. చదువుకున్నవాళ్లకు చెబితే అర్థమవుతుందేమో, ఆమెకు ఎలా చెప్పను? మక్క చేలలో మంచె ఎక్కి పంట కాసే ఊరు ఇది. చేలో అడవిపందులకు తీగ కట్టి కరెంటు పెడతారు, పైన మంచె మీద ఒక మనిషి కూర్చుంటాడు, పక్కనే మీట. ఆ బాటన పోయేవాళ్లు దూరం నుంచే పేరు చెప్పి కేకేస్తారు. నేను ఫలానా, వస్తున్నా అని మూడుసార్లు. ప్రమాదం ఉంటే మంచె మీదివాడు ఆగు అంటాడు. ఏమీ అనకపోతే పొమ్మన్నట్టే. వాడు నోరు మెదపకపోవడమే మాకు సెలవు. పుట్టినప్పటి నుంచి ఆ మౌనాన్ని నమ్మి నడిచిన కాళ్లు శంకరవ్వవి. క్యాంపువాళ్లు దాన్ని ఏ పేరుతో పిలిచినా, నాలుగు గుంజల మీద నిలబడి పైన కప్పు ఉన్నది ఆమెకు మంచె. ఆమె వచ్చి పేరు చెబుతుంది. తుపాకి ఏమీ అనదు. ఆమె నడుస్తుంది. ఇంత చిన్న లెక్క. బాట పక్కన ఇంగ్లీషులో, హిందీలో బోర్డు రాసి పెట్టాం అంటాడు కెప్టెన్. ఆ బోర్డు మీద శంకరవ్వ వచ్చేటప్పుడు తడి చీర ఆరేసి పోయిందొకసారి.

గంట ఆగిపోయింది. నేను కదల్లేదే! పైకి చూశాను, తుపాకి మూతి నా వైపే ఉంది, ఎవరో విసుగొచ్చి గంట తీగ పీకేసినట్టున్నారు. చెవుల్లో ఇంకా గుయ్యిమంటోంది. మందమర్రిలో మా చిన్నమామ ఇంటికి పోయినప్పుడు గని సైరన్ ఆగాక ఇలాగే ఉండేది, ఆగిన తర్వాతే ఎక్కువ వినబడేది, ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి నిలబడి గనిలోంచి పైకి వచ్చే ముఖాలను చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ తుపాకి వెనుక ముఖం లేదు. మూడు కాళ్ల మీద ఒక నల్లని గొట్టం, దానికి ఒక మోటారు, మోటారుకు మన ఊరి మెకానిక్కు బిగించిన మరలు. ఆ మరలు కూడా మావే. నేను సిగ్గుపడను. ఈ క్యాంపు వచ్చిన కొత్తలో ఊళ్లో అందరూ కిటికీలు మూసుకుంటే నేను నమూనా తీగ పట్టుకుని గేటు దగ్గరికి పోయాను. ముళ్లతీగ, గుంజలు, బోల్టులు, తాళాలు, అన్నీ మంచి సరుకే ఇచ్చాను. అడవిలోని అన్నల దగ్గర్నుంచి కూడా కబురొచ్చింది, క్యాంపుకు ఎందుకు అమ్మినవని. మీకు కావాల్నా, మీకూ అమ్ముత, పట్టపగలు దుకాణానికొచ్చి కొనుక్కపోండ్రి అని చెప్పి పంపాను. ఆ కబురు తెచ్చినవాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అప్పుడూ ఇలాగే కూర్చున్నాను, గల్లాపెట్టె పక్కన, తలుపులు బార్లా తెరిచి, పక్క దుకాణాలన్నీ సగం దించి ఉండగా. ఎవరి తుపాకి అయినా నా దుకాణం ముందు నిలబడి మాట్లాడాల్సిందే, నేను జవాబు చెప్పగలను, అదీ వినగలదు. వినే తుపాకితో బతకొచ్చు. ఈ తొంభై రెండో సంవత్సరం దాకా అలాగే బతుక్కొచ్చాం.

వినడం అంటే ధరమ్‌సింగ్ విన్నాడు. నిన్నటిదాకా తాళంచెవి పట్టుకున్న జవాను. ఎక్కడో రాజస్థాన్ వాడు, మీసాల కింద పిల్లవాడి మూతి. ఒకనాటి పొద్దున మంచు పూర్తిగా విడవలేదట, గంట మోగింది, తుపాకి తిరిగింది, వెలుగు గుంజల మధ్య నెత్తిన ఏదో పెద్దదానితో ఒక ఆకారం. నేనే బిడ్డా శంకరవ్వను అని కేక. అతనికి మన భాష ఒక్క ముక్క రాదు. కాని కేకలో ఏదో ఉందనుకున్నాడు. చెయ్యి తాళంచెవి మీదే ఉంచి చూస్తూ ఉన్నాడట. ఆకారం గంప దించి, నడుము నిమురుకుని, పైకి చూసి తిట్టి, మళ్లీ ఎత్తుకుందట. తిట్టును బట్టి ముసలమ్మ అని పోల్చుకున్నానన్నాడు మునీర్‌తో. “మేరీ దాదీ భీ ఐసే హీ గాలీ దేతీ హై,” మా నాయనమ్మ కూడా ఇట్లనే తిడుతుంది అన్నాడట. శంకరవ్వ మర్నాడు అతని కోసం ఒక కర్బూజ కంచె మీద పెట్టి పోయింది. ఆ కర్బూజే కొంప ముంచింది. అది ఎక్కడిదని కెప్టెన్ అడిగాడు, ధరమ్‌సింగ్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గంట మోగాక ఇంతసేపు ఆలోచించావా, అది ముసలమ్మ కాకుండా ఉంటే ఈ పాటికి మనందరం పోయేవాళ్లం అన్నాడు కెప్టెన్. ధరమ్‌సింగ్‌ను వంటపాకలోకి పంపారు, రొట్టెలు చేయడానికి. ఆలోచించే మనిషిని తీసేస్తే ఆలస్యం పోతుందన్నాడట కెప్టెన్. మునీర్ ఈ మాట చెప్పినప్పుడు నేను మేకులు తూస్తున్నాను, తక్కెడ చేతిలో అలాగే ఉండిపోయింది. తక్కెడలో మేకులు వేసిన వెంటనే ముల్లు నిలవదు, అటూ ఇటూ ఊగుతుంది, అది ఊగినంతసేపు కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఊగడం ఆలస్యమని ముల్లు విరిచేసినవాణ్ని ఏమంటారు, మా బజారులో?

చెమట వెన్ను మీదుగా పాకుతోంది. గొడుగు నీడ కుర్చీకి చాలడం లేదు, కాళ్ల మీద ఎండ పడుతోంది, మెట్టెలు కాలుతున్నాయి. మెట్టెలు తీయలేదు నేను, ఆయన పోయాక అందరూ తీయమన్నా తీయలేదు, వేలు లావై రావడం లేదని చెప్పాను, అబద్ధం కూడా కాదు. రామకిషన్‌రావు గారు ఉంటే ఇప్పుడు ఏమనేవారు? ఏమీ అనేవారు కాదు. గొడుగు పట్టుకుని పక్కన నిలబడేవారు, పత్రిక చదువుకుంటూ. ఆయనకు లోకంలో ఏ విషయం మీదా తొందర లేదు. ప్రాణం పోయిన సాయంత్రం కూడా తొందరపడలేదు. మా మరిది గోపాల్‌రావు మక్కచేను ఉంది కదా, దాని పక్క నుంచి మా ఆయన మోటారు చూడటానికి పోయారు, పొద్దు గూకుతోంది, పందుల తీగకు కరెంటు పెట్టే వేళ. ఆయన ఆగి, మూడుసార్లు పేరు చెప్పారు. బావిదగ్గర గడ్డి కోస్తున్న చంద్రవ్వ విన్నది ఆ మూడు కేకలూ. నేనూ రామకిషన్‌ను అని, నేనూ అని, వస్తున్న అని. మంచె మీద ఎవరూ లేరు. కాపలావాడు మీట వేసి, కల్లుకు దిగిపోయాడు, ఇప్పుడే వస్తాగా అని. మౌనం విని ఆయన నడిచారు. అంత జాగ్రత్తగల మనిషి, చెప్పులు విడిచేటప్పుడు కూడా జతగా పెట్టే మనిషి. తర్వాత వచ్చినవాళ్లంతా కర్మ అన్నారు, ఘడియ బాగాలేదన్నారు. తీగ ఎవరి దుకాణందో అని కూడా ఒకరు గొణిగారు. ఊళ్లో తీగ అమ్మేది మేమే, ఇంకెవరి దుకాణందవుతుంది? నేను పాడె దగ్గర నుంచే లేచి చెప్పాను, తీగ ఎక్కడికీ పోలేదు, కట్టిన చోటే ఉన్నది, పోయింది మంచె మీది మనిషి, వాణ్ని పిలవండి అని. గోపాల్‌రావు తల వంచుకున్నాడు. ఆ ఏటి నుంచి మా చుట్టుపక్కల ఒక కట్టుబాటు, మంచె దిగేవాడు మీట తీసి దిగాలె, లేదంటే ఊరు ముందు నిలబడాలె. రాసి పెట్టుకున్నది కాదు. అయినా ఎవరూ తప్పలేదు. ఇప్పుడు ఊరి ముందే ఇంత పెద్ద మంచె కట్టి, అందులోంచి మనిషిని దించేసి, మీట వేసే ఉంచుతామంటే, నేను దుకాణంలో కూర్చుని మేకులు తూయాలా?

తుపాకి మూతి చిన్నది. ఇంతదూరం నుంచి చుక్క లాగా ఉంది. చిన్నప్పుడు చూసిన మూతి పెద్దగా కనబడింది, దగ్గరగా ఉంది కాబట్టి. అరవై తొమ్మిది, కరీంనగర్, మా బాపు దుకాణం. ఊరంతా తెలంగాణ గొడవలు, బడులు మూత, బజారు మూత. ఒక రైతు బావి గిలక విరిగిందని ఎక్కడి నుంచో నడిచొచ్చాడు, ఇంట్లో పశువులకు నీళ్లు లేవు. బాపు ఒక తలుపు చెక్క తీసి గిలక అందిస్తున్నాడు. కానిస్టేబులు వచ్చి తుపాకి ఎత్తి మూయమన్నాడు. బాపు గిలక చేతిలోంచి వదల్లేదు. “గీ గిలక ఇచ్చి మూస్త. గోలి కొట్టుడే ఉంటే కొట్టు, గని పశువుల సంగతి నువ్వు చూసుకో,” అన్నాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆ కానిస్టేబులు పెదవులు పగిలి ఉన్నాయి. వేలు మీట మీద ఉంది, గొంతు కదులుతోంది, మింగుతున్నాడు, మింగడానికి తడి లేదు. నాకెందుకో అనిపించి చెంబుతో నీళ్లు తీసుకుని బయటికి పోయాను. అతను నన్ను చూశాడు, చెంబును చూశాడు. ఒక చేత్తో తాగడం కుదరదు. తుపాకి గోడకు ఆనించాడు. తాగి, మూతి తుడుచుకుని, “జల్దీ ఇచ్చి మూయ్ పెద్దమనిషీ, మా జమేదారు చూస్తే నా నౌకరీ పోతది,” అన్నాడు. అంతే. గిలక పోయింది, పశువులు తాగాయి, బాపు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆ రోజు తుపాకి వెనుక దాహం ఉంది, నౌకరీ భయం ఉంది, మీట మీద వేలికి ఒక ఒళ్లు అంటుకుని ఉంది. ఈ మంచె మీది దానికి నేను ఏ చెంబు చూపించను?

దుమ్ము లేచింది. జీపు. మునీర్ తల మీది రుమాలు తీసి మెడకు చుట్టుకున్నాడు, మళ్లీ తలకు చుట్టుకున్నాడు. కెప్టెన్ చొక్కా సరిచేసుకుంటూ పరుగెత్తాడు. దిగినాయన పొడుగు కాదు, నెరిసిన జుట్టు, మోకాలు నొప్పి ఉన్నవాళ్ల నడక. ఈ వయసుకు ఆ నడక నాకు బాగా తెలుసు. కెప్టెన్ ఇంగ్లీషులో గబగబా చెబుతున్నాడు, చెయ్యి నా వైపు చూపిస్తూ, కాంట్రాక్టర్ అనే మాట రెండుమూడుసార్లు వినబడింది. పెద్దసాబు కంచె దాటి తానే వచ్చాడు. ఎండలో నిలబడ్డాడు. కుర్చీ లోంచి లేవకపోవడం మర్యాద కాదు, తెలుసు, మా అత్తగారు ఉంటే చెంప పగలగొట్టేది. గొడుగు మాత్రం కొంచెం అతని వైపు వంచాను.

“మేడమ్, ఆప్ తో హమారే లియే మాల్ లాతీ హైఁ. ఫిర్ యే క్యా?” అన్నాడు. మా సరుకు తెచ్చేది మీరే, మరి ఇదేమిటి అని. కోపం లేదు గొంతులో, అదే కష్టం, కోపం ఉంటే సుళువు.

“మాల్ బేచీ సాబ్. రస్తా నై బేచీ,” అన్నాను. సరుకు అమ్మిన గని బాట అమ్మలే.

మునీర్ దగ్గినట్టు నవ్వి నోరు మూసుకున్నాడు. పెద్దసాబు నవ్వలేదు. కాసేపు మంచె వైపు చూసి నెమ్మదిగా చెప్పాడు, పోయినేడు ఇంకో చోట ఒక పోస్టు మీద దాడి జరిగిందట. కాపలా ఉన్న పిల్లవాడు వచ్చినవాళ్లను చూసి, పెళ్లివాళ్లో కాదో తేల్చుకోలేకపోయాడట. “మేరే లడ్‌కే సోచ్‌తే సోచ్‌తే మర్ గయే, మేడమ్.” ఆలోచిస్తూ ఆలోచిస్తూనే చచ్చిపోయారు. ఆ మాటతో అతని దవడ కదిలింది, వాళ్ల ఇళ్లకు ఇతనే పోయి చెప్పి ఉంటాడు. ఒక పక్క ఆ చచ్చిపోయిన పిల్లలు, ఒక పక్క నెత్తిన గంపతో శంకరవ్వ, ఇటు నుంచి అటు పెట్టి చూశాను, అటు నుంచి ఇటు. ఆ పిల్లలు తేలికైనవాళ్లు కారు. వాళ్లకూ తిట్టే నాయనమ్మలు ఉంటారు. అలా అని చెప్పాను, నాకు వచ్చిన ఉర్దూలో, రాని చోట మునీర్ అందించాడు. ఇద్దరిని పెట్టుండ్రి సాబ్, కుక్కను పెట్టుండ్రి, దీపం పెట్టుండ్రి, ఇంకో వరుస ముళ్లతీగ కట్టుండ్రి, నేను అమ్ముత. మనిషిని మాత్రం తియ్యకుండ్రి. “ఆద్మీ నహీఁ హైఁ మేరే పాస్,” అన్నాడు, నా దగ్గర మనుషులు లేరు అని. అన్నప్పుడు ముసలివాడిలా కనబడ్డాడు. తర్వాత గొంతు మార్చి, దయచేసి లేవండి, లేకుంటే లేపించాల్సి వస్తుంది అన్నాడు. “లేపుండ్రి. నలుగురు కావాల్సొస్తది నాకు. ఆ నలుగురిల ఒగన్ని మంచె మీద కూసోబెట్టరాదుండ్రి?” అన్నాను. ఇది మునీర్ చెప్పలేదు. చెప్పరా అని గదమాయించాను. చెప్పాడు, నేల చూస్తూ.

అప్పుడు వినబడింది. గోదారి వైపు నుంచి, తుమ్మచెట్ల అవతల నుంచి, సన్నగా, సాగదీసి. “ఓ... బిడ్డా... నేనూ... శంకరవ్వనూ... వస్తున్నా...”

కుర్చీ చేతులు పట్టుకున్నాను. గంట పీకేసి ఉన్నారు, తుపాకికి ఇంకా కలపలేదు, అడ్డంగా నేనున్నాను, ఏమీ కాదు, ఇవాళ ఏమీ కాదు, అని నాకు నేనే చెప్పుకున్నాను. చెట్ల సందులోంచి ముందు గంప కనబడింది, తర్వాత కింద మనిషి. బాట మలుపులో ఆగింది. ముఖం పైకెత్తి మంచె వైపు చూస్తోంది. పెద్దసాబు, క్యా బోల్ రహీ హై అని అడిగాడు. మునీర్ చెప్పాడు, హిందీలో, తడబడుతూ, మొదటిసారి నేను చెప్పమనకుండానే చెప్పాడు. ఆమె తుపాకికి తన పేరు చెబుతోంది సాబ్. మూడుసార్లు చెబుతుంది. ఆగమని ఎవరూ అనకపోతే పొమ్మన్నట్టే అనుకుని వచ్చేస్తుంది. మా దగ్గర అదే పద్ధతి. పెద్దసాబు కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ మంచె వైపు చూశాడు. మంచె మీద గొట్టం, కప్పు, కప్పు మీద ఒక కాకి. “నేనూ... శంకరవ్వనూ...” రెండోది. ఎవరూ మాట్లాడలేదు. నేను నోరు తెరవబోయాను. తెరిస్తే ఆగుతుంది, నా గొంతు ఆమెకు తెలుసు. పళ్లు బిగించి నోరు మూసుకున్నాను. జవాబు నాది కాదు. రోజూ ఈ బాటకు జవాబు నేనివ్వలేను, ఇవ్వాల్సినవాడు ఇక్కడే నిలబడి ఉన్నాడు. మూడో కేక వచ్చింది. దాని వెనుక నిశ్శబ్దం. ఆమె గంపను సర్దుకుంది. అడుగు వేసింది.

“రుక్ జావ్!” పెద్దసాబు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, గొంతు చీలేట్టు. “అమ్మా! వహీఁ రుక్ జావ్!”

శంకరవ్వ టక్కున ఆగింది. “ఆఁ, ఆగిన! ఎవలు బిడ్డా, గొంతు కొత్తగున్నది?”

ఆయనకు అర్థం కాలేదు. చేతులు ఇంకా నోటి దగ్గరే ఉన్నాయి, దించడం మరిచిపోయినట్టున్నాడు. చెమట కణతల మీదుగా కారుతోంది. నేను అతని ముఖం చూడకుండా గుంజ వైపు చూస్తూ అడిగాను, రేపు ఈ యాళ్లకు మీరు ఉంటరా సాబ్, గీడ నిలబడి చెప్పెతందుకు? మునీర్ అనువదించబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. అర్థమైందో, అర్థం చేసుకోదల్చుకోలేదో. కెప్టెన్‌తో ఇంగ్లీషులో రెండు ముక్కలు అన్నాడు. కెప్టెన్ వంటపాక వైపు పోయాడు.

“ఆగుమంటివి, మంచిగనే ఉన్నది,” అని అరిచింది శంకరవ్వ. “మరి పొమ్మనేది ఎన్నడు? నెత్తి మీద కాయలున్నయ్, మెడ ఇరుగుతున్నది!”

ధరమ్‌సింగ్ వచ్చాడు. చేతులకు పిండి. కడుక్కునే తీరిక ఇవ్వలేదు వాళ్లు. నిచ్చెన ఎక్కుతుంటే పట్టుకున్న చోటల్లా తెల్లగా అంటుకుంది. పైకెక్కి కూర్చున్నాడు. మునీర్, లే అక్కా, ఐపాయె గదా, గెలిచినవ్ గదా అంటున్నాడు. ఏం గెలిచానురా, ఇవాళ ఈయన ఉన్నాడు, రేపు ఇంకొకడు వస్తాడు, ఎల్లుండి మళ్లీ మనుషులు లేరంటాడు. “తాళంచెవి ఏది? చూపియ్‌మను,” అన్నాను. ధరమ్‌సింగ్‌కు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, ఎత్తి చూపించాడు, ఎండకు మెరిసింది. ఎవరో గంట తీగ మళ్లీ కలిపారు. నేనింకా గుంజల నడుమే ఉన్నాను కదా, గంట ఊరంతా వినబడేట్టు అందుకుంది.

“బాయీ, ఉఠో! ఘంటీ బజ్ రహీ హై!” లేవమ్మా, గంట మోగుతోంది అని పైనుంచి అరిచాడు అతను.

“బజ్‌నే దో,” మోగనీ అని నేనూ అరిచాను. “ముందు ఆమెను పొమ్మను!”

అతను పిండి చెయ్యి ఊపాడు. “ఆవో అమ్మా, ఆవో!” శంకరవ్వ వచ్చింది. మంచె వైపు చూసి ఏదో తిట్టింది, గంటలో నాకు వినబడలేదు, అతనికి వినబడినట్టుంది, నవ్వాడు. పెద్దసాబు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. ఆమె నా కుర్చీని రాసుకుంటూ, ఒక చేత్తో గంప పట్టుకుని, “గింత ఎండల కుర్సీ ఏసుక కూసున్నవ్, దుకాణం ఎవలు సూస్తుండ్రు దొరసాని?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఊరి దిక్కు నడిచిపోయింది.